విన్కి ఎవరిది? ఆదిభట్ల నారాయణదాసు అనువాదాలు – మన ప్రశ్నలు

తెలుగు సాహిత్య చరిత్రలు ఆదిభట్ల నారాయణదాసు (1864-1945)ను రెండు రకాలుగా చూపిస్తాయి. ఒకటి 'హరికథా పితామహుడు'. రెండోది ఒక వింత మనిషి. కాలికి గండపెండేరం, గజ్జెలు, పెద్ద మీసం, చేతులూ కాళ్లూ తలా కలిపి ఒకేసారి అయిదు తాళాలు వేయగల లయజ్ఞుడు. ఈ రెండు బొమ్మల వెనక మూడో మనిషి ఒకడున్నాడు. అతను అనువాదకుడు. సంస్కృతంలోని స్తోత్రాలనూ వేదఋక్కులనూ, పారశీలోని తాత్విక పద్యాలనూ, గ్రీకు దేశపు నీతికథలనూ ఒక్క సంస్కృత మాట కూడా దొర్లకుండా తెలుగు చేయాలని జీవితమంతా పట్టుబట్టి కూర్చున్నవాడు. ఈ మూడో మనిషి గురించి విశ్వవిద్యాలయాల్లో మాట్లాడేది తక్కువ. మాట్లాడినా అది పొగడ్త దగ్గరే ఆగిపోతుంది.

మేము పొగడటానికీ తిట్టటానికీ ఈ వ్యాసం రాయటం లేదు. మా ప్రశ్న వేరు. ప్రాచీన తత్వాన్ని తెలుగులోకి తెచ్చినప్పుడు అది ఎవరి దగ్గరికి వచ్చింది? మాట మారితే గడప మారుతుందా? సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం ప్రాంతపు దళితవాడల నుంచి మొదటిసారి విశ్వవిద్యాలయం గడప తొక్కిన మాలాంటి వాళ్లకు ఇది పుస్తకాల్లోని ప్రశ్న కాదు. మా అమ్మలూ అయ్యలూ ఏ మాటలు విన్నారు, ఏ మాటలు వినకుండా ఆపబడ్డారు అన్న ప్రశ్న.

అజ్జాడ నుంచి విజయనగరం దాకా

నారాయణదాసు పుట్టింది 1864 ఆగస్టు 31న, బొబ్బిలి దాటాక బలిజిపేట దగ్గర ఉన్న అజ్జాడలో. అప్పట్లో ఇదంతా విశాఖపట్నం జిల్లా. 1979లో విజయనగరం జిల్లా అయింది. 2022 ఏప్రిల్ నుంచి బలిజిపేట, సాలూరు రెండూ పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి. అతని అసలు పేరు సూర్యనారాయణ. బ్రాహ్మణ కుటుంబం. తల్లి నోట భాగవత పద్యాలు వింటూ పెరిగాడు. విజయనగరం వెళ్లి ఇంగ్లీషు బడిలో చదువుకున్నాడు. అక్కడ కుప్పుస్వామి నాయుడు చెప్పిన హరికథ విని, 1883లో తానే 'ధ్రువచరిత్ర' కట్టి చెప్పాడు. ఆ తర్వాత అరవై ఏళ్లపాటు ఆ గొంతు ఆగలేదు.

ఆ కాలపు విజయనగరం ఎలాంటిదో గుర్తు చేసుకోవాలి. ఆనంద గజపతి కొలువు కవులకూ గాయకులకూ పండితులకూ నీడనిచ్చింది. గురజాడ అప్పారావు 1892లో 'కన్యాశుల్కం' ఆడించిందీ ఆ ఊళ్లోనే. 1919లో విజయరామ గజపతి సంగీత పాఠశాల పెట్టినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడు నారాయణదాసు. 1936 దాకా ఆ పదవిలో ఉన్నాడు. అతని తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది బ్రాహ్మణేతరుడైన ద్వారం వెంకటస్వామి నాయుడు. 'సాలూరు చినగురువు'గా పేరుపడ్డ పట్రాయని సీతారామశాస్త్రి పాఠం చెప్పింది కూడా ఆ పాఠశాలలోనే. ఆయన దగ్గరే ఘంటసాల పాట నేర్చాడు. అంటే సంగీతం విషయంలో అగ్రహారపు గోడ కొంచెం సడలింది. కానీ ఎంతవరకు సడలింది, ఏ కులం దగ్గర ఆగింది అన్నది వేరే సంగతి. దానికి తర్వాత వస్తాం.

మొండి పని

నారాయణదాసు అనువాదాల జాబితా చూస్తే ఒకే మనిషి చేసిన పనేనా అనిపిస్తుంది. ఈసపు కథలు వంద ఏరి 'నూరుగంటి' అన్నాడు. లలితా సహస్రనామాన్ని 'తల్లి విన్కి' పేరుతో అచ్చతెలుగు చేశాడు. ఋగ్వేదంలోంచి ఋక్కులు ఎంచి అచ్చతెలుగు పాటలుగా కట్టాడు. కాళిదాసునూ షేక్స్‌పియర్‌నూ పక్కపక్కన పెట్టి 'నవరస తరంగిణి' కూర్చాడు. తన సొంత తాత్విక ఆలోచనను 'జగజ్జ్యోతి'లో పెట్టాడు.

అన్నిటికంటే మొండి పని ఉమర్ ఖయ్యాం రుబాయీలది. 1932లో అచ్చయిన ఆ పుస్తకం కోసం ఫిట్జ్‌జెరాల్డ్ ఇంగ్లీషు చేతను ఒక పక్కన, పారశీ మూలాన్ని ఇంకో పక్కన పెట్టుకున్నాడు. ఆ రెంటినీ విడివిడిగా సంస్కృతంలోకీ, విడివిడిగా అచ్చతెలుగులోకీ తెచ్చాడు. ఇంగ్లీషు కవి మూలానికి ఎంత దూరం జరిగాడో చదివేవాడికి కంటితో చూపించాలని ఈ పాటు. ఇంగ్లీషువాడు చెప్పిందే తూర్పు దేశపు తత్వం అని నమ్ముతున్న రోజుల్లో, అసలు మూలం చూద్దాం పదండి అన్నవాడు ఇతను. ఈ ధైర్యానికి విలువ ఇవ్వాల్సిందే.

అచ్చతెలుగు అతను కనిపెట్టింది కాదు. పదహారో శతాబ్దంలో పొన్నగంటి తెలగన 'యయాతి చరిత్ర' రాసినప్పటి నుంచీ అదొక కావ్యరీతి. తత్సమాలు వాడకుండా రాయటం పండితుడి ఒడుపుకు పరీక్ష. కూచిమంచి తిమ్మకవి రామాయణమే రాశాడు. కానీ వాళ్లకు అది కొలువులో చూపించే విద్య. నారాయణదాసు దాన్ని కథల దగ్గర ఆపలేదు. తత్వం చెప్పటానికి తెలుగు చాలదు, సంస్కృతం కావాల్సిందే అని పండితులు అంటుంటే, చాలుతుంది చూడండి అని పనితో జవాబు చెప్పాడు. చివరికి అచ్చతెలుగు మాటల నిఘంటువు 'సీమపల్కువహి' కూడా కూర్చాడు.

ఇక్కడే ఒక ముడి ఉంది. నిఘంటువు ఎందుకు కావాల్సి వచ్చింది? పలుకు మనదే అయితే అర్థానికి వహి తిప్పాల్సిన పని ఏముంది? ఎందుకంటే అతను ఏరిన మాటల్లో కొన్ని పొలంలో, వంటింట్లో, సంతలో బతికున్న మాటలు. చాలా మాటలు పాత పొత్తాల్లో మిగిలినవి, కొన్ని అతను అతికి చేసుకున్నవి. సంస్కృతం తీసేశాక మిగిలేది జనం మాట్లాడే తెలుగు కాదు. జనం మాటల్లో ఉర్దూ ఉంది, ఒడియా ఉంది, ఇంగ్లీషు ఉంది, అరిగిపోయిన సంస్కృతమూ ఉంది. ఆ కలగాపులగమే బతికున్న భాష. అచ్చతెలుగు ఒక మడి విప్పి ఇంకో మడి కట్టింది.

వినటమే నేరమైన చోట

'విన్కి' అనే మాటను కొంచెం ఆగి చూడాలి. విన్కి అంటే వినటం. సంస్కృతంలో వేదాన్ని 'శ్రుతి' అంటారు, అంటే వినబడింది. మనకు ఆ వినటమే నిషేధం. గౌతమ ధర్మసూత్రం పన్నెండో అధ్యాయం ఏం చెప్పింది? శూద్రుడు వేదం వింటే చెవుల్లో సీసమూ లక్కా కరిగించి పోయాలంది. పలికితే నాలుక కోయాలంది. గుర్తు పెట్టుకుంటే ఒళ్లు చీల్చాలంది. ఇది ఎక్కడో మారుమూల స్మృతిలో పడివున్న మాట అని కొందరు తప్పించుకుంటారు. కాదు. బ్రహ్మసూత్రాల మొదటి అధ్యాయం మూడో పాదంలో 'అపశూద్రాధికరణం' అని ఒక భాగం ఉంది. 34 నుంచి 38 దాకా సూత్రాలు. అక్కడ శంకరుడు భాష్యం రాస్తూ ఈ శిక్షల్నే ప్రమాణంగా ఎత్తి చూపించాడు. అందరిలో ఉన్నది ఒకే బ్రహ్మం అని చెప్పిన గ్రంథంలోనే కొందరి చెవులకు సీసం ఉంది. అద్వైతానికీ అంటరానితనానికీ మధ్య దూరం ఒకే పుస్తకంలో కొన్ని పేజీలు.

అదే చోట అనువాదం ఎలా పనిచేస్తుందో చూడండి. ఛాందోగ్య ఉపనిషత్తు నాలుగో అధ్యాయంలో బండి కింద కూర్చుని ఒళ్లు గోక్కునే రైక్వుడు ఉన్నాడు. విద్య కోసం వచ్చిన జానశ్రుతిని అతను 'శూద్రా' అని పిలుస్తాడు. పిలిచి, చివరికి విద్య చెప్తాడు. అంటే శూద్రుడికి బ్రహ్మవిద్య దక్కిందన్నమాట! ఇది ఇబ్బంది. అందుకే సూత్రకారుడూ భాష్యకారుడూ ఆ మాటకు కులం అర్థం తీసేశారు. శోకంతో పరుగెత్తి వచ్చినవాడు కాబట్టి శూద్రుడన్నారు అని వ్యుత్పత్తి చెప్పారు. ఒక్క మాటకు అర్థం మార్చి ఒక తలుపు మూశారు. కాబట్టి మాటకు అర్థం చెప్పటం, మాటను ఇంకో భాషలోకి తీసుకెళ్లటం ఎప్పుడూ అమాయకమైన పని కాదు. దాని వెనక ఎవరు లోపల, ఎవరు బయట అనే లెక్క ఉంటుంది.

ఈ వెలుగులో చూస్తే ఋక్కుల్ని అచ్చతెలుగు పాటలుగా కట్టిన నారాయణదాసు చిన్న పని చేయలేదు. స్వరం తప్పితే పాపం అన్న మంత్రాన్ని అతను పాటగా చేశాడు. వేదం పలుకులో తెలుగు నాలుక పెట్టాడు. దానికి 'విన్కి' లాంటి మాటలు ఎంచుకున్నాడు. మాట వరకు అది గోడకు పడ్డ గంటు.

కథ ఎక్కడ చెప్పారు, ఎవరు విన్నారు

కానీ గోడ పడలేదు. ఎందుకు పడలేదో ఆ భాష్యంలోనే సమాధానం ఉంది. శూద్రుడికి వేదం లేదన్న శంకరుడు ఒక కిటికీ తెరిచి ఉంచాడు. ఇతిహాస పురాణాలు నాలుగు వర్ణాలూ వినొచ్చన్నాడు. హరికథ ఆ కిటికీలోంచి వచ్చిన కళ. రుక్మిణీ కల్యాణం, భీష్మ చరిత్ర, గజేంద్ర మోక్షం – ఇవన్నీ వినటానికి అనుమతి ఉన్న కథలే. అనుమతి నాలుగు వర్ణాలకు. మనం అయిదో వాళ్లం. ఆ లెక్కలోనే లేం.

హరికథ చెప్పే చోట్లు ఏవి? గుడి మండపం, జమీందారు కొలువు, పెద్ద కులాల పెళ్లి పందిరి, పట్నంలో పురమందిరం. మద్రాసు ప్రభుత్వం ఆలయ ప్రవేశ చట్టం చేసింది 1947లో. నారాయణదాసు 1945 జనవరి 2న చనిపోయాడు. అంటే అతను గుళ్లో కథ చెప్పిన ఆ అరవై ఏళ్లూ ఆ గుడి ముందు మన వాళ్లకు చట్టపరమైన చోటు లేదు. గొంతు మాత్రం పెద్దది. గోడ దాటి వినబడే గొంతు. గోడ బయట నిలబడి విన్న చెవుల గురించి ఏ హరికథా చరిత్రా రాయలేదు. అతని గొంతు ఎంత దూరం వినబడేదో రాశారు గానీ, ఆ దూరంలో ఎవరిని నిలబెట్టారో రాయలేదు.

ఇదే నేల మీద తప్పెటగుళ్లు ఉన్నాయి, జముకులకథ ఉంది. ఒళ్లు వంచి పనిచేసే కులాలు తమ దేవతల్ని తమ మాటల్లోనే పాడుకున్నాయి. వాటికి ఏ వహీ అవసరం పడలేదు. వాటిని జానపదం అన్నారు. హరికథను శాస్త్రీయం అన్నారు. తెలుగు మాటల్లో తత్వం చెప్పొచ్చని నారాయణదాసు పండితులకు రుజువు చేయాల్సి వచ్చింది. ఆ పాటగాళ్లకు ఎవరూ రుజువు చేయనక్కర్లేకపోయింది.

పారశీ: ఒకరికి ఇష్టం, ఒకరికి శిక్ష

ఇంకో పోలిక చూద్దాం. నారాయణదాసు సంస్కృతమూ పారశీ రెండూ తన ఇష్టంతో నేర్చుకున్నాడు. బొంబాయిలో బడిపిల్లవాడిగా బాబాసాహెబ్ అంబేద్కర్ కూడా పారశీ చదివారు. ఇష్టంతో కాదు. సంస్కృతం చదువుతానంటే పంతులు చెప్పనన్నాడు కాబట్టి. ఒకరికి పారశీ చదువు అలంకారమైతే ఇంకొకరికి మూసిన తలుపు చూపించిన దారి. తర్వాత ఆయన సొంతంగా సంస్కృతం కొంత నేర్చుకున్నారు.

1946లో 'శూద్రులెవరు?' రాసినప్పుడు అంబేద్కర్ ఒక ఆక్షేపణకు ముందే జవాబు చెప్పారు. సంస్కృత పాండిత్యం లేకపోవటం ఇలాంటి గ్రంథం రాయటానికి అడ్డు కాదని, ఆ వాఙ్మయం చాలావరకు ఇంగ్లీషులో దొరుకుతుందని, తాను ఏళ్ల తరబడి ఆ అనువాదాలు చదివానని అన్నారు. ఈ మాట మన అనువాద చరిత్రకు మూలస్తంభం. విలియం జోన్స్ 1794లో మనుస్మృతిని ఇంగ్లీషు చేసింది కంపెనీ కోర్టుల కోసం. దళితుల కోసం కాదు. అయినా మనువు ఏం రాశాడో బయటపడింది. 1927 డిసెంబరు 25న మహాడ్‌లో ఆ గ్రంథం తగలబడింది. అనువాదకుడు ఎవరి కోసం చేశాడన్నది ఒకటి, అది ఎవరి చేతిలో పడిందన్నది మరొకటి.

తెలుగులో ఏం జరిగింది? స్తోత్రాలు వచ్చాయి, గీతలు వచ్చాయి, ఉపనిషత్తుల సారాలు వచ్చాయి. భక్తి కోసం అనువదించారు గానీ పరీక్ష కోసం కాదు. పుణ్యం వచ్చే భాగాలు తెలుగైనాయి. సీసం పోసే భాగాలు సంస్కృతంలోనే ఉండిపోయాయి. మనం వాటిని ఇంగ్లీషు దారిలో చుట్టూ తిరిగి తెలుసుకోవాల్సి వచ్చింది.

ఒకే ఏడాది అటూ ఇటూ పుట్టిన ఇద్దరు

నారాయణదాసు కంటే ఏడాది ముందు, 1863లో, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో గిడుగు రామమూర్తి పుట్టాడు. ఈయనా బ్రాహ్మణుడే, ఈయనా మొండివాడే. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరల భాష నేర్చుకున్నాడు. సవరల్ని ఇంట్లో పెట్టుకుని, వాళ్లనే గురువులు చేసుకుని నేర్చుకున్నాడు. కొండల్లో తిరిగి జ్వరం తెచ్చుకుని, దానికి మింగిన క్వినైను వల్ల చెవుడు తెచ్చుకున్నాడు. సవర పిల్లలకు బడులు పెట్టాడు. 1930లలో సవర వ్యాకరణమూ నిఘంటువులూ అచ్చయ్యాయి.

ఇద్దరిదీ ఒకే నేల, ఒకే తరం, ఒకే కులం. ఇద్దరూ నిఘంటువులు కూర్చారు. తేడా ఎక్కడుంది? ఒకరు పైనున్న గ్రంథాన్ని తెలుగు మాటల్లోకి దించారు. ఇంకొకరు ఎవరూ గ్రంథం అనుకోని మాట దగ్గరికి తానే వెళ్లి విన్నారు. ఒకరిది వినిపించే విద్య, ఇంకొకరిది వినే విద్య. వింటూ వింటూ చెవులు పోగొట్టుకున్నవాడే ఆ తరంలో అందరికంటే ఎక్కువ విన్నాడు. గిడుగును కూడా మేము దేవుణ్ని చేయటం లేదు. సవరల మాటల్ని వాళ్లు కాక వేరేవాళ్లే పుస్తకం చేశారన్న ప్రశ్న అక్కడా ఉంది. కానీ అనువాదకుడి ముఖం ఎటు తిరిగి ఉంది అన్నదానికి ఈ పోలిక అవసరం.

వింత మనిషి అనిపించుకునే హక్కు

నారాయణదాసు వింతలన్నీ ఇష్టంగా చెప్పుకుంటారు. 'నా యెఱుక' అనే ఆత్మకథలో అతను తన పడుచుదనపు భోగాల్ని కూడా దాచుకోకుండా రాసుకున్నాడు. అది నిజాయితీ అన్నారు. తనను తానే పెద్దగా చెప్పుకున్నాడు. అది ఆత్మగౌరవం అన్నారు. అందరూ ఒక దారిన పోతే తానొక దారిన పోయాడు. అది ప్రతిభ అన్నారు.

ఒప్పుకుందాం. కానీ ఈ వింతతనం అందరికీ దొరికే సొత్తు కాదు. మన వాడలో ఒకడు రాత్రీ పగలూ పుస్తకం పట్టుకుంటే 'పిచ్చి పట్టింది' అంటారు. తన విద్య గురించి తానే గొప్పగా చెప్తే 'కొవ్వెక్కింది' అంటారు. మేము ఒక గ్రంథాలయంలో బ్రహ్మసూత్ర భాష్యం అడిగితే 'అది మీకెందుకు?' అన్న మాట వినబడింది. సీసం పోయరు, మాట పోస్తారు. పండితుడి వింతతనానికి కొలువు కూడు పెట్టింది. మన వాళ్ల వింతతనానికి కూలి పోయింది. చరిత్రకు ఎక్కని ఎంతమంది మొండి పండితులు వాడల్లోనే మట్టిలో కలిశారో, వాళ్లను కూడా లెక్కలో పెట్టుకునే చరిత్ర రాయాలి.

మనం తీసుకోవాల్సింది

అయితే నారాయణదాసును వదిలేయాలా? వదలకూడదు. మూడు కారణాలు చెప్తాం.

ఒకటి, 'ఎఱుక' అన్న మాట. అతను తన జీవితకథకు ఆ పేరు పెట్టుకున్నాడు. ఎఱుక అంటే జ్ఞానం. మన ఊళ్లలో ఎఱుక చెప్పేది ఎవరు? బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చే ఎరుకల సాని. జ్ఞానానికి తెలుగులో ఉన్న సొంత మాట ఒక అణగారిన జాతి పేరుతో ముడిపడి ఉంది. పండితుడు సంస్కృతం వదిలి తత్వం చెప్పబోతే మన వాకిట్లోకే రావాల్సి వచ్చింది. ఆ మాటలు ఇప్పటికే మనవి. అతని నిఘంటువులో ఉన్నాయని అరువు అనుకోనక్కర్లేదు.

రెండు, 'నూరుగంటి'. ఈసపు బానిస అని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ చెప్పాడు. అతను పేరుపెట్టి చెప్పిన యజమాని సామోస్ దీవివాడు. ప్రాచీన గ్రీసు తత్వం అంటే ప్లేటో, అరిస్టాటిల్ అనే వింటాం. అరిస్టాటిల్ కొందరు పుట్టుకతోనే బానిసలన్నాడు. ఆ దేశంలోనే బానిస నోటి నుంచి వచ్చిన తెలివి ఈ కథలు. బలవంతుడి ముందు బలహీనుడు ఎలా బతకాలో జంతువుల చేత చెప్పించిన తత్వం. నారాయణదాసు నీతికథలని తెచ్చి ఉండొచ్చు. మనం దాన్ని బానిస తత్వంగా చదవాలి.

మూడు, పద్ధతి. ఖయ్యాం విషయంలో అతను చేసింది గుర్తుంచుకోవాలి. మధ్యవాడి మాట నమ్మకుండా మూలం పక్కన మూలం పెట్టి చూపించాడు. ఈ పద్ధతి మనకు కావాలి. అపశూద్రాధికరణాన్ని భాష్యంతో సహా, జానశ్రుతి కథను వ్యుత్పత్తితో సహా, గౌతముడి పన్నెండో అధ్యాయాన్ని ఒక్క మాట వదలకుండా తెలుగు చేయాలి. పాళీ సుత్తాల్లో కులం మీద బుద్ధుడు చేసిన వాదాల్ని మూలం నుంచి తేవాలి. అది అచ్చతెలుగు కానక్కర్లేదు. సాలూరు లారీ షెడ్డులో పనిచేసే కుర్రాడికి, అంగన్‌వాడీ టీచరుకి, హాస్టలు పిల్లలకి అర్థమయ్యే తెలుగు అయితే చాలు.

ఇదంతా పాత గొడవ, ఇప్పుడెందుకు అనేవాళ్లున్నారు. సాలూరు పక్కనుంచి పారే వేగావతి వంగర మండలం సంగాం దగ్గర నాగావళిలో కలుస్తుంది. ఆ వంగర మండలంలోనే లక్షింపేట ఉంది. 2012 జూన్ 12న అక్కడ అయిదుగురు దళితుల్ని భూమి తగాదాలో చంపేశారు. పుట్టుకను బట్టి మనిషి చోటు నిర్ణయించే తత్వం గ్రంథాల్లో చచ్చిపోలేదు, గట్ల మీద బతికుంది. దాన్ని ఎదిరించాలంటే భూమీ కావాలి, చట్టమూ కావాలి, మాటా కావాలి. మొదటి రెంటి కోసం ఉద్యమాలు నడుస్తున్నాయి. మూడోదాని పని మన పరిశోధకుల మీద, టీచర్ల మీద ఉంది. మూల గ్రంథాన్ని ముందు పెట్టుకుని, పక్కన మన భాష పెట్టుకుని, ఒక్కో వాక్యం దించటం మొదలు పెట్టాలి.